పాత ఫ్రిజ్‌కో కుళాయి

పాత ఫ్రీజరుకు కుళాయి బిగించి, లోపల బీరు పీపా పెట్టుకోవడం అమెరికాలో ఓ సరదా. దాన్ని ‘కెగరేటర్’ అంటారు. కిరండూల్ రైలు మార్గం చీలే మన కొత్తవలసలో, మే నెల ఎండకు బీరు మాటెందుకు గానీ... స్టీలు క్యానుతో మజ్జిగ పెడితే? క్యాను కుళాయికన్నా ఎత్తున ఉంటే చాలు, బీరుకులా గ్యాసు సిలిండరు అక్కర్లేదు.

డ్రిల్లు పట్టుకునే ముందు మాత్రం ఆగండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటికి గ్యాసు గొట్టాలు పక్క గోడల్లోనే దాగి ఉంటాయి. కొత్త మోడళ్లలోని ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. గొట్టానికి చిల్లు పడితే ఒక్క నిప్పురవ్వ చాలు! రంధ్రం తలుపుకే పెట్టించండి. ప్లగ్గు తీసి, లోపల వైర్లు లేవని మెకానిక్ చూశాకే.

ఫ్రీజరైతే మైనస్ 18 డిగ్రీల్లో మజ్జిగ గడ్డకడుతుంది. బయట థర్మోస్టాట్ పెట్టించి 4 డిగ్రీలకు సరిచేయించాలి. ఇత్తడి కుళాయి వద్దు, పులుపుకు చిలుము పడుతుంది. స్టీలుదైనా రోజూ విప్పి కడగాల్సిందే. అంత ఓపిక లేదంటారా, కుండే నయం.

ఫ్రిజ్ పనికిరాదనుకుంటే తలుపు ఊడదీశాకే పెరట్లో పడేయండి. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే గాలాడదు.