బిడ్డ బరువు, ప్రభుత్వ భారము



బిడ్డ బొద్దుగా నున్నచో మురిసి దిష్టి తీయుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. కరవులును అంటువ్యాధులును పసివారిని పొట్టన బెట్టుకొనిన దినములలో ఒంటినిండ కండగల బిడ్డను జూచి తల్లి సంతసించుట సహజమే. కాని బొద్దుతనము వేఱు, స్థూలకాయము వేఱు. పదేండ్ల బాలుడు మేడమెట్లెక్కి రొప్పుట, పదునాలుగేండ్ల బాలికకు మధుమేహము పొడసూపుట, ఇవి ఉప్పును మిరపకాయలును దిగదుడిచినంతనే పోవునవి కావు.

ఈ వ్యాధిని మన పెద్దలెఱుగనివారు కారు. చరకుడు తన సంహితయందలి సూత్రస్థానమున ఎనిమిది విధములగు దేహస్థితులను నింద్యములని చెప్పుచు అతిస్థూలత్వమును వానిలో నొకటిగా నెంచెను. మితిమీరిన భోజనము, తీపి పదార్థములు, జిడ్డు పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, వీనితోడ బీజస్వభావమును గూడ కారణముగా బేర్కొనెను. అనగా స్థూలకాయముగల ప్రతివాడును తిండిపోతు కాడని ప్రాచీన వైద్యుడే యెఱుగును. కావున అట్టి బిడ్డను ఎగతాళి చేయుటయు, పదుగురిలో సిగ్గుపఱచుటయు వైద్యము గాదు, ధర్మమును గాదు. అయితే చరకుని కాలమున లేని కారణమొకటి మన కాలమున వచ్చి చేరినది. అది పిల్లలనే గురిచేసికొని నడపబడు వర్తకము.

ఐక్యరాజ్యసమితి బాలల నిధి 2025వ సంవత్సరమున ప్రకటించిన నివేదిక ననుసరించి లోకమున 5 మొదలు 19 ఏండ్ల వఱకు గల పిల్లలలో నూటికి 9.4 మంది స్థూలకాయులు, 9.2 మంది బరువు చాలనివారు. బక్కచిక్కినవారి సంఖ్యను స్థూలకాయుల సంఖ్య మించుట ఇదియే మొదటిసారి. మన దేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో అధికమగు బరువుగలవారు 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 2.1 మంది కాగా, 2019-21 నాటి సర్వేలో 3.4 మందియైరి. సంఖ్య చిన్నదే, కాని అది పోవుచున్న దిక్కు మంచిది కాదు. అదే దేశమున, ఒక్కొక్కచోట అదే వీధిలో, తిండి చాలని బిడ్డలును గలరని మఱవరాదు.

పిల్లవాడు లావెక్కినచో లోకము మొదట వ్రేలెత్తి చూపునది తల్లినే. “ఏమి పెట్టుచున్నావమ్మా?” యని చుట్టములు, “తిండి తగ్గింపుడు” అని వైద్యుడు, “గారాబము చేసి చెడగొట్టితివి” అని అత్తగారు. వంటయింట తల్లికి బాధ్యత లేదని నేననను. ప్రొద్దుట చద్దియన్నము పెట్టుటయా, బిస్కత్తుల పొట్లము చేతికిచ్చుటయా యనునది మన చేతిలోనిదే. కాని 300 మిల్లీలీటర్ల తీపి పానీయపు సీసాలో సాధారణముగా 30 గ్రాముల చక్కెర, అనగా ఏడెనిమిది చెంచాలు, కరగి యుండును. ఆ మాటను సీసా ముందువైపున పెద్దయక్షరములతో వ్రాయక దాచునది తల్లియా? పిల్లలు చూచు బొమ్మలాటల నడుమ చాక్లెట్లను మాటిమాటికి జూపి యూరించునది తల్లియా? బడి గుమ్మమునెదుట రంగురంగుల పొట్లములను తోరణములుగా గట్టునది తల్లియా? తల్లి చేయి గడప వఱకే సాగును. గడప దాటిన బిడ్డను గాచుటకు ప్రభుత్వము తన చేయి చాపవలెను.

“ఎవరేమి తినవలయునో చెప్పుటకు ప్రభుత్వమెవరు?” అని యడుగువారు గలరు. తిండి విషయమున రాజు కలుగజేసికొనుట నేటి వింత గాదు. ధాన్యము, నూనెలు, ఉప్పు, ఔషధములు మున్నగువానిలో అదే రంగుగల వేఱు వస్తువును గలిపిన వర్తకునకు కౌటిల్యుని అర్థశాస్త్రము 12 పణముల దండన విధించినది. కంటితో జూచి తెలిసికొన వీలులేని మోసమునుండి కొనువానిని గాచుట రాజధర్మమని నేను దానినుండి గ్రహించుచున్నాను. ఇక మన కాలమునకు వత్తము. బడిపిల్లలకు వండిన యన్నము పెట్టవలెనని 2001లో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ బడి భోజనమునకు గోదావరి లంకలలో వేళగాని వేళ వచ్చినవారికిని అన్నముపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరిడెను. బిడ్డ యాకలి తీర్చుట ప్రభుత్వ ధర్మమైనపుడు, ఆ యాకలిని తమ లాభమునకు వాడుకొనువారినుండి బిడ్డను గాచుటయు దాని ధర్మమే గదా!

ఇట్టి ధర్మమును చేతబట్టిన దేశములు లేకపోలేదు. దక్షిణ అమెరికా పడమటి తీరమునగల చీలీ దేశమున పిల్లలలో స్థూలకాయము ప్రబలగా 2012లో చట్టము చేసిరి. అది 2016 జూనులో అమలునకు వచ్చినది. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వులు, కెలోరీలు, వీనిలో నేది హద్దు మించినను ఆ పొట్లము ముందువైపున నల్లని యెనిమిది కోణముల గుర్తు ఉండవలెను. ఏది మించినదో ఆ గుర్తులో తెల్లని యక్షరములతో స్పష్టముగా నుండును. నాలుగును మించినచో నాలుగు గుర్తులు. అట్టి పదార్థములను బడిలో అమ్మరాదు. 14 ఏండ్ల లోపు పిల్లలకు ప్రకటనలు చేయరాదు. పొట్లముపై పిల్లలను మురిపించు జంతువుల బొమ్మలు వేయరాదు. హద్దులను 2016, 2018, 2019 సంవత్సరములలో మూడు మెట్లుగా బిగించిరి. మొదటి మెట్టు తరువాత ఆ దేశపు కుటుంబములు కొను తీపి పానీయములు నూటికి సుమారు 24 వంతులు తగ్గినట్లు 2020లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. అచటి తల్లులతో మాటాడిన పరిశోధకులకు మఱియొక సంగతి తెలియవచ్చినది. బడిలో ఆ గుర్తులను గూర్చి నేర్చికొనిన పసివారే అంగడిలో తల్లులను వారించుచుండిరట! పిల్లల బరువు మాత్రము వెంటనే దిగిరాలేదు. ఏండ్ల తరబడి పెరిగినది ఒక్క చట్టముతో నొక్కనాట తరుగదు.

బ్రిటను దేశము పన్ను మార్గమును ద్రొక్కినది. 2016 మార్చిలో ప్రకటించి 2018 ఏప్రిలునుండి వసూలు ప్రారంభించిరి. 100 మిల్లీలీటర్లలో 8 గ్రాములు గాని, అంతకుమించి గాని చక్కెరయున్న పానీయమునకు 2018లో లీటరునకు 24 పెన్నీలుగా నుండెను. 5 గ్రాములకు తగ్గక 8 గ్రాముల లోపున్నచో అప్పుడు 18 పెన్నీలుగా నుండెను. 5 గ్రాములకు లోబడినచో పన్నే లేదు. నడుమ రెండేండ్ల గడువు దొరికినందున తయారుచేయువారు పెక్కురు తామే చక్కెర తగ్గించిరి. కొనువాని రుచిని తిట్టకయే సీసాలోని తీపిని తగ్గించిన యుపాయమిది. ఈ పన్ను లేకున్నచో ఉండదగిన దానికంటె 10, 11 ఏండ్ల బాలికలలో స్థూలకాయము నూటికి 8 వంతులు తక్కువగా నున్నదని 2023లో ప్రచురితమైన పరిశోధన లెక్కించినది. బాలురలో నట్టి మార్పు కానరాలేదు.

మన దేశమున ప్రభుత్వము ఊరక కూర్చుండలేదు. ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2020లో నియమములు చేసినది. కొవ్వు, ఉప్పు, చక్కెర మెండుగా గల పదార్థములను బడిలోపలను, బడి గుమ్మమునుండి ఏ దిక్కున నైనను 50 మీటర్ల లోపలను అమ్మరాదు, ప్రకటింపరాదు. నియమము చక్కనిదే. కాని మా వారు పనిచేయు పాఠశాల గుమ్మమునుండి నేను నడచి లెక్కించితిని. నలువది యడుగులు వేయకమునుపే మూడు దుకాణములు, వానిలో రెండింటికి శీతలపానీయముల బొమ్మలు గల పలకలు కనబడినవి. కాగితముపై నున్న 50 మీటర్లను నేలపై గొలుచువాడు లేనిచో ఆ నియమము వలన బిడ్డకు గలుగు మేలేమి?

పన్ను సంగతియు నట్టిదే. 2025 సెప్టెంబరు 22నుండి తీపి సోడాలపై నూటికి 40 వంతుల పన్ను గలదు. అయితే చక్కెర హెచ్చుగా నున్నను, తక్కువగా నున్నను, బొత్తిగా లేకున్నను పన్ను ఒక్కటే. కావున బ్రిటనులోవలె తీపి తగ్గింపవలెనన్న యాశ వర్తకునకు బుట్టదు. అదే దినమున బిస్కత్తులపైనను చాక్లెట్లపైనను పన్ను 18 నుండి 5కు దిగినది. ఇంటి ఖర్చు తగ్గునని మనము సంతోషింపవచ్చును. కాని ఒక చేతితో సీసాను ఆపి, రెండవ చేతితో పొట్లమును అందించుట సమంజసమా యని పాలకులను అడుగుట తప్పు గాదు.

దుకాణములను తొలగించినచో బీదల పొట్ట కొట్టినట్లగునని కొందఱందురు. ఆ భయము నిజమైనదే. కాని నియమము జామపండ్లు, రేగుపండ్లు, ఉడుకబెట్టిన వేరుసెనగకాయలు అమ్ముకొను అవ్వపైకి పోదు. గుమ్మమునొద్ద ఆమెకే చోటిచ్చి, పొట్లముల వర్తకుని దూరముగా నిలిపినచో బిడ్డకును బీదకును మేలే జరుగును.

ఆటస్థలము మాట మఱవరాదు. భాగవతమున చిన్నికృష్ణుడు ఇంటింట వెన్న దినెను. కాని ఆలమందల వెంట దినమెల్ల పరుగులు దీసెను. మన పిల్లలకు వెన్న మిగిలినది, పరుగు పోయినది. ప్రతి బడికిని ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఉన్నచోటను ఆడపిల్ల కాస్త యెదుగగానే ఆమెను ఆటకు బంపక ఇంట గూర్చుండబెట్టుట మన యిండ్లలోని లోపము. దానికి ప్రభుత్వమును తప్పుపట్టజాలము.

ఇక మనము చేయగల పని యేమి? ఆ చట్టమే సర్కారు బడులలోను, సహాయము బొందు బడులలోను యాజమాన్య సంఘము లుండవలెననియు, వానిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులును సంరక్షకులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెననియు విధించినది. ఆ స్థానములు మనవి. పేరునకు సంతకము పెట్టి వచ్చుట మాని, ఒక్కమాఱు నోరు విప్పుదము. గుమ్మమునుండి 50 మీటర్లు తాడుతో గొలిపింపుడు. ఆ లోపల నేమి యమ్ముచున్నారో వ్రాయింపుడు. ఆ వ్రాతను తీర్మానముగా జేసి జిల్లా ఆహార భద్రతాధికారికి బంపుడు. బదులు రానిచో మరుసటి సమావేశమున మరల బంపుడు. ఆ తాడు పట్టుటకు మీ వీధినుండి ఇద్దఱు తల్లులు చాలుదురు.