ఆరాధన ముగిసిన పిమ్మట

1910వ సంవత్సరమున ఎడింబరో నగరమందు జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, అప్పటికే డోర్నకల్ ప్రాంతమున సువార్తసేవ సాగించుచుండిన తిరునెల్వేలి సీమవాడు వి.ఎస్. అజరయ్య, పాశ్చాత్య మిషనరీల త్యాగమును మనసార కొనియాడి, దానధర్మములతో తనివి నొందక వారి స్నేహమును గూడ అర్థించెను. 1912లో ఆయనయే ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పై డోర్నకల్ పీఠము నధిష్ఠించెను. నాడు దొరల నుద్దేశించిన ఆ విన్నపము నేడు మన తెలుగు సంఘములకే వర్తించుచున్నదని నా దృఢవిశ్వాసము. క్రొత్తవారిని లేచి నిలువుమని పేరడిగి, చప్పట్లు చరచి, ఆశీర్వచనము ముగిసినంతనే ఎవరి యింటికి వారు మరలిపోవుట ఆదరణ యనిపించుకొనదు; పరిచయములేని యూరికి బదిలీపై వచ్చిన ఉద్యోగినియు, పెనిమిటిని పోగొట్టుకొని వెనుక చాపపై ఒదిగి కూర్చుండు వృద్ధురాలును, వారము నడుమ తలుపుతట్టి యోగక్షేమము లరయు మనిషికొరకు ఎదురుచూచుచుందురు. అన్నింటికంటె క్లిష్టమైనది మరియొకటి కలదు: మాలపల్లెనుండియు మాదిగపల్లెనుండియు విశ్వాసులు కూడివచ్చు చోట, పెండ్లిపందిట ఒకే పంక్తిని భుజించుటకును వియ్యమందుటకును వెనుదీయువారు, ప్రభురాత్రి భోజనమున ఒకే రొట్టెలో నెట్లు పాలుపొందుచున్నారో సంఘపెద్దలు వారి నడుగవలెను, అదియు వేదికపైనుండి గద్దించుచు గాక, వారి యింటి యరుగుపై చేరువగా కూర్చుండి, ప్రేమతో అడుగవలెను.