గిద్యోను అడిగిన రెండో పరీక్ష



మన సంఘాల పిల్లలు ఇప్పుడు పరిశోధన చదువులకూ వెళ్తున్నారు. వాళ్లలో ఒకరు "నేను మెదడును స్కాన్ చేసి చదువుతున్నాను" అంటే ఇంట్లో మొదటి ప్రశ్న, "ఉద్యోగం ఎప్పుడు?" అని. సంఘంలో పెద్దలు కాస్త మెల్లగా అడిగేది ఇంకొకటి: "అన్నీ మెదడులోనే ఉన్నాయని, దేవుడు లేడని అంటాడేమో?" నేను మాత్రం ఆ చదువును నిజాయితీగా చేసే పిల్లల దగ్గర సంఘం నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది అంటాను.

మనలో చాలామంది నడుం నొప్పికో తలనొప్పికో ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్లమే. రక్తంలో ప్రాణవాయువు హెచ్చుతగ్గులు ఆ యంత్రంలో కనిపిస్తాయని 1990లో సెయిజి ఒగావా బృందం చూపించింది. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. దాన్ని బట్టి ఆ భాగాన్ని ఎర్రగానో పసుపుగానో చూపిస్తారు. ఆ రంగు యంత్రం తీసిన ఫొటో కాదు, విద్యార్థి వేసిన లెక్క. యంత్రంలో పడుకున్న మనిషి తల కాస్త కదిలినా లెక్క చెడుతుంది. స్కాన్ గంటలో అయిపోయినా, దాన్ని సరిచూడడానికి నెలలు పడుతుంది.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో క్రెయిగ్ బెన్నెట్ పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి ఒక చచ్చిన సాల్మన్ చేపను అందులో పెట్టి స్కాన్ చేశారు. పద్ధతి ప్రకారం ఆ చేపకు మనుషుల ఫొటోలు చూపించి, వాళ్లు ఏ భావంలో ఉన్నారో చెప్పమని కూడా అడిగారు! కొన్నాళ్ల తరువాత లెక్క వేస్తే 8064 చోట్లలో 16 చోట్ల చురుకుదనం కనిపించింది. వాటిలో కొన్ని చచ్చిన చేప మెదడులోనే ఉన్నాయి.

ఇది ఎలా జరిగింది? వెయ్యిమంది చేత పదేసి సార్లు నాణెం ఎగరవేయించండి. ఎవరో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడవచ్చు. అతని చేతిలో వరముందని మనం అనం కదా. వేల చోట్ల వెతికితే ఏదో ఒక చోట ఉత్తిపుణ్యానికే ఏదో కనిపిస్తుంది. ఎన్ని చోట్ల వెతికామో కూడా లెక్కలోకి తీసుకుని సరిచూస్తే, చేపలో ఒక్క చుక్కా మిగలలేదు. 2009లో బెన్నెట్, అతని తోటివారు దీన్ని శాస్త్రవేత్తల ముందు పెట్టారు. మొదట నవ్వించి తరువాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2012లో వారికి దక్కింది.

సొంత రంగం వాళ్ల లెక్కల్లో లోపం ఎత్తిచూపడం ఒక కుర్రవాడికి సులువు కాదు. కానీ మెదడులో గడ్డ తీసే ముందు, మాటకు సంబంధించిన భాగం ఎక్కడుందో వైద్యులు ఇలాంటి చిత్రాల్లోనే వెతుకుతారు. అక్కడ అబద్ధపు చుక్క పడితే ఒక మనిషి మాట పోవచ్చు. లెక్క సరిచూడడం పొరుగువాణ్ణి ప్రేమించడమే.

మన గిద్యోనును గుర్తు చేసుకోండి. మొదటి రాత్రి బొచ్చు తడిసింది, నేల ఆరి ఉంది. అయితే బొచ్చు మంచును మామూలుగానే పీల్చుకుంటుంది కదా! అందుకే రెండో రాత్రి బొచ్చు ఆరి, నేల తడవాలని అడిగాడు. దేవుడు కోపపడలేదు, అలాగే చేశాడు.

మన సాక్ష్యాల్లో ఈ రెండో పరీక్ష ఎక్కడుంది? దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, ప్రకటిస్తాను. కానీ వందమంది కోసం ప్రార్థించి, బాగుపడిన ఒక్కరినే మైకు ముందుకు పిలిస్తే, మిగతా తొంభై తొమ్మిది కుటుంబాలు తమ విశ్వాసమే చాలలేదని ఏడుస్తూ ఇంటికి వెళ్తాయి. ఆ ఒక్క సాక్ష్యాన్ని వాట్సాప్‌లో చూసి, షుగరు మాత్రలు మానేసే తల్లి ఎక్కడో ఉంటుంది. ఆ తల్లికి జరిగే హానికి, ఆరా తీయకుండా పంపిన మనం జవాబుదారులం కామా?

కాబట్టి స్వస్థత సాక్ష్యం చెప్పే ముందు డాక్టరు రిపోర్టు చూద్దాం, కొన్ని వారాలు ఆగుదాం. బాగుపడని వారి పేర్లూ సంఘ ప్రార్థనలో చదువుదాం. నిజమైన దేవుని కార్యం పరీక్షకు కరిగిపోదు.

పరిశోధన చదువుతున్న మన పిల్లల కోసం ఈ ఆదివారం ప్రార్థించండి. మంచి ఉద్యోగం రావాలని అడగండి, తప్పు లేదు. దానితోపాటు, తమకు నచ్చిన ఫలితం వచ్చిన రోజున కూడా దాన్ని మరోసారి సరిచూసే మనసు ఇవ్వమని అడగండి. ఆ మనసు మనకూ ప్రభువు దయచేయును గాక. ఆమేన్.