పగటి నిద్ర బద్ధకమేనా?

మా చిన్నకోడలు బరంపురంలో మా ఇంట అడుగుపెట్టి ఆరేళ్లయింది. పనిమంతురాలే. కానీ నెలకు మూడు నాలుగు రోజులు పొద్దున పదకొండు గంటలకే ఆవలింతలు మొదలయ్యేవి. చేట ముందేసుకుని బియ్యం ఏరుతూనే కునికేది. "ఏమిటమ్మా ఈ పగటి నిద్ర?" అని నేను సణిగేదాన్ని. "నేను పడుకోవాలని కాదత్తయ్యా, రెప్పలు వాటంతట అవే వాలిపోతున్నాయి" అనేది. మర్నాడు తలలో ఒక పక్క పోట్లు, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం. అది పార్శ్వనొప్పి, అంటే మైగ్రేన్ అని మాకు తెలుసు. ఆ నిద్రకూ ఈ నొప్పికీ సంబంధం ఉందని మాత్రం నాకు తట్టలేదు.

కిందటేడు నరాల డాక్టరుగారు ఒక పని చెప్పారు. గోడ క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజున "నొ" అనీ, మగత కమ్మిన రోజున "మ" అనీ రాయమన్నారు. మూడు నెలలు రాశాం. చాలాసార్లు "నొ"కు ముందురోజున "మ" ఉంది! కొందరికి నొప్పి రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఆవలింతలు, మగత, మెడ పట్టేయడం కనిపిస్తాయని ఆయన చెప్పారు. నొప్పి తగ్గాక కూడా ఒక రోజు ఒళ్లంతా పిండేసినట్టుంటుంది. అదంతా జబ్బులో భాగమే.

అయితే అన్ని "మ"లకూ "నొ" తోడు లేదు. నొప్పి రాకుండా వాడే అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్ వంటి మాత్రలు మగత తెస్తాయి. మా అమ్మాయికి జరిగింది అదే. డాక్టరుగారు రాత్రి మాత్రను కాస్త పెందలాడే వేసుకోమన్నాక పొద్దుటి మత్తు చాలావరకు తగ్గింది. మాత్ర మానడం, వేళ మార్చడం మాత్రం మన సొంతంగా చేయకూడదు.

రాత్రి నిద్ర చాలకపోయినా, రక్తహీనత, థైరాయిడ్ లోపం, మనసులో దిగులు ఉన్నా పగలు నిద్ర వస్తుంది. గట్టిగా గురక పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగి, లేవగానే తల నొప్పిగా ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మామూలు నొప్పిమాత్రలనైనా నెలలో 15 రోజులూ, ఆపైనా, నెలల తరబడి మింగుతుంటే అవే తలనొప్పి తెచ్చిపెడతాయి. ఎన్నడూ ఎరుగనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా, మాట తడబడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, లేపినా లేవలేనంత మగత ఉన్నా క్యాలెండరు చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు ఆవలింతలు మొదలైన రోజున చేట నేను అందుకుంటున్నాను. "కాసేపు నడుం వాల్చమ్మా" అని మొదటిసారి అన్నప్పుడు ఆ పిల్ల కళ్లు చెమర్చాయి. ఆ మాట నేను ఎప్పుడో అనవలసింది. మీ ఇంట్లోనూ ఇలా కునికే కూతురో కోడలో ఉంటే, బద్ధకమని పేరు పెట్టేముందు ఒక్క మూడు నెలలు క్యాలెండరు రాసి చూడండి.