తొలి బోరు భారమెవ్వరిది?

సూర్యరశ్మినుండియు గాలినుండియు విద్యుత్తును పుట్టించుటయందు మన దేశము గడచిన పదేండ్లలో సాధించిన అభివృద్ధిని ఎవ్వరును కాదనజాలరు. కాని సూర్యాస్తమయమైన పిదప, గాలి స్తంభించిన వేళ, ఇంట దీపము వెలుగుటకు నేటికిని బొగ్గే ప్రధానాధారమై యున్నదనుటయు అంతే నిజము. రేయింబవళ్లు, ఋతుభేదము లేక లభింపగల శక్తులు మిక్కిలి కొలది. వానిలో భూగర్భమందలి వేడిమి యొకటి. దీనిని వినియోగమునకు దెచ్చుటకై కేంద్రప్రభుత్వము 2025 సెప్టెంబరులో ఒక జాతీయ విధానమును ప్రకటించినది. దానిని స్వాగతింపవలసినదే. అయినను ఈ శక్తి చరిత్రను కొంచెము శ్రద్ధతో పరిశీలించినవారికి, దీని భవిష్యత్తు శాస్త్రముపై కంటె, యంత్రములపై కంటె, ఒక ఆర్థిక ప్రశ్నపై ఎక్కువగా ఆధారపడి యున్నదని తోపకమానదు: వేడి యెంత యున్నదో, నీరు దొరకునో దొరకదో తెలియని చోట తొలి బోరు వేయు వ్యయమును ఎవరు భరింపవలెను?

భూమిలోపలి యుష్ణము కొంత ఈ గ్రహము రూపొందిన నాటినుండి మిగిలియున్నది. కొంత యురేనియము, థోరియము, పొటాసియము మొదలగు మూలకములయందలి అస్థిర పరమాణువులు విచ్ఛిన్నమగుటవలన నేటికిని పుట్టుచున్నది. ఖండముల పైపొరలో సామాన్యముగా ఒక్కొక్క కిలోమీటరు లోతునకు 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ వంతున వేడి హెచ్చును. దక్షిణభారతమునకు పునాదియైన అతిప్రాచీన శిలాపీఠమున ఈ హెచ్చుదల మరికొంత మందము. అట్లయ్యు, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు సాగిన కోలారు బంగారు గనులలో పనిచేసిన తెలుగు, తమిళ కార్మికులకు ఆ రాతిసెగ యెట్టిదో ఒకరు చెప్పనక్కరలేకపోయెను. వేడి యుండుట వేరు, దానిని పైకి దెచ్చుట వేరు. రాతినుండి వేడిని మోసికొని వచ్చుటకు నీరు కావలెను. ఆ నీరు రాతిలో సంచరించుటకు పగుళ్లు కావలెను. ఉష్ణము, జలము, మార్గము అను ఈ మూడింటిని ప్రకృతి తానై ఒకచోట కూర్చిన ప్రదేశములు భూగోళమున బహు స్వల్పము.

ఇటలీదేశపు టస్కనీ సీమయందలి లార్డెరెల్లో అట్టి ప్రదేశములలో నొకటి. 1904 లో పియెరో జినోరి కాంటి అను ప్రభువు అచ్చటి నేలనుండి వెలువడు ఆవిరితో చిన్న యంత్రమును త్రిప్పి ఐదు విద్యుద్దీపములను వెలిగించెను. 1913 నాటికి అదే చోట 250 కిలోవాట్ల కేంద్రము వెలసెను. న్యూజిలాండునందలి వైరాకే 1958 లోను, కాలిఫోర్నియాలోని గీజర్స్ 1960 లోను ఆ మార్గమునే అనుసరించినవి. ఇంత జరిగియు, నూటయిరువది యేండ్ల కృషి ఫలముగా ప్రపంచమంతట నేడున్న భూగర్భోష్ణ విద్యుత్ సామర్థ్యము 16,000 మెగావాట్ల చుట్టుప్రక్కలనే నిలిచియున్నది. మన దేశపు సౌరవిద్యుత్ సామర్థ్యమొక్కటియే 2025 ఆరంభమున లక్ష మెగావాట్లను దాటినదన్న సంగతిని దీని ప్రక్కన నుంచి చూచినచో ఈ శక్తి యెంత వెనుకబడినదో తెలియగలదు.

ప్రకృతి విధించిన ఈ నిర్బంధమును దాటుటయే నవీన పద్ధతుల లక్ష్యము. పగుళ్లు లేని చోట మానవుడే వానిని కల్పింపవచ్చునను భావన క్రొత్తది కాదు. అమెరికాలో న్యూమెక్సికోలోని ఫెంటన్ హిల్ వద్ద లాస్ ఆలమోస్ శాస్త్రజ్ఞులు 1970 దశకముననే ఒక బావిగుండ చల్లని నీటిని వేడిరాతిలోనికి పంపి, మరియొక బావిగుండ దానిని వేడినీరుగా పైకి దెచ్చి చూపిరి. నాటికిని నేటికిని గల భేదము పనితనమునందున్నది. షేల్ రాళ్లనుండి చమురును వాయువును తీయుటకై ఆ దేశమున పెంపొందిన విద్యలు, అనగా లోతున బావిని అడ్డముగా మలపుటయు, ఒత్తిడినీటితో రాతిని పగులదీయుటయు, ఇప్పుడు ఈ పనికి అక్కరకు వచ్చుచున్నవి. ఫెర్వో అను సంస్థ 2023 లో నెవాడా రాష్ట్రమున ఇట్టి జంటబావుల నడుమ నీటిని ప్రవహింపజేసి 3.5 మెగావాట్ల విద్యుత్తునకు చాలునంత వేడిని రాబట్టినది. తరువాత యూటా రాష్ట్రపు బీవర్ కౌంటీలో వందల మెగావాట్ల కేంద్రమునకు పూనుకొన్నది. కెనడాదేశపు ఈవర్ సంస్థ జర్మనీలోని గెరెట్స్‌రీడ్ వద్ద రాతిని పగులదీయకయే, మూసిన వలయమువలె కలిపిన బావులలో నీటిని త్రిప్పి వేడిని గ్రహించు మార్గమును చేపట్టినది. ఐస్‌లాండునందలి రేక్యానెస్ వద్ద 2017 లో 4,659 మీటర్లు తవ్విన బావి అడుగున 427 డిగ్రీల వేడి కనిపించినది. అంతటి వేడికిని ఒత్తిడికిని లోనైన నీరు ద్రవమనియు ఆవిరియనియు చెప్పరాని స్థితికి చేరి, సాధారణపు బావి మోయు శక్తికి అనేక రెట్లు మోయగలదు. అంతర్జాతీయ ఇంధనసంస్థ 2024 డిసెంబరు నివేదికలో, ఖర్చులు తగ్గుచుండిన పక్షమున, 2050 లోపల ప్రపంచమున పెరుగనున్న విద్యుదవసరములో 15 శాతమును ఈ శక్తి తీర్పగలదని అంచనా వేసినది.

ఈ విద్యలకు ఆపదలును లేకపోలేదు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరము క్రింద 2006 డిసెంబరులో నీటిని ఒత్తిడితో ఎక్కించినప్పుడు 3.4 తీవ్రతగల భూకంపము పుట్టి, ప్రజలు భీతిల్లి, కట్టకడకు ఆ పథకమే రద్దయ్యెను. దక్షిణ కొరియాలోని పోహాంగ్ వద్ద 2017 నవంబరులో సంభవించిన భూకంపము అంతకంటె ఘోరమైనది. దానికి సమీపమందలి భూగర్భోష్ణ పథకమే ప్రేరకమని ప్రభుత్వము నియమించిన పరిశోధకసంఘము 2019 లో తేల్చినది. తవ్వకపు ప్రమాదమెట్టిదో గోదావరి తీరవాసులకు వేరుగా బోధింపనక్కరలేదు. 1995 జనవరిలో కోనసీమయందలి పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు మించి మండుచుండగా చూచిన తరము నేటికిని కలదు. కావున జనావాసములకు తగిన దూరము, లోతునందలి పగుళ్ల ముందస్తు పరిశీలనము, కంపనములు మితిమీరినంతనే పంపులను నిలుపు నియమము అనువానిని విధానము షరతులుగా విధింపవలెనే గాని, సంస్థల విచక్షణకు విడువరాదు.

ఇక అసలు చిక్కునకు వచ్చెదను. సౌరఫలకములను పెట్టదలచినవాడు ఆ చోట ఎండ యెంత కాయునో నేలమీద నిలిచియే కొలువగలడు. గాలిమర పెట్టదలచినవాడు ఒక స్తంభము నాటి ఏడాదిపాటు గాలిని కొలువగలడు. భూగర్భోష్ణమునందు కొలతకు వలసిన పనియే మూలధనములో మహాభాగమును మ్రింగివేయును. నాలుగు బోర్లు వేసి, నాలుగును ఎండిపోగా, అప్పు మాత్రము మిగిలిన అనంతపురపు రైతును, నల్లగొండ రైతును ఎరిగినవారికి ఈ స్థితిని వివరింపబనిలేదు. రైతు బోరు వేలతోను లక్షలతోను ముగియగా, ఈ బావి కోట్లను కోరును. బ్యాంకులు నిరూపితమైన బావికి అప్పు ఇచ్చును గాని నిరూపణకు అప్పు ఈయవు. అందుచేతనే వ్యాపారదక్షులైనవారు సైతము ఈ గడప దాటుటకు సంశయించుచున్నారు.

ఈ సంశయమును తీర్చిన రెండు దేశముల చరిత్ర మనకు పాఠము కాదగినది. ఐస్‌లాండు ప్రభుత్వము 1960 దశకముననే ఒక నిధిని నెలకొల్పి, తవ్వకమునకు అప్పులిచ్చి, వేడినీరు పడినచో అప్పు తీర్చవలెననియు, పడనిచో అది సహాయముగా మారిపోవుననియు నిర్ణయించెను. చమురు ధరలు మిన్నంటిన 1970 దశకమున ఆ దేశము తడబడక ఇండ్లను భూగర్భజలముతో వెచ్చజేసికొనుటకు ఈ ఏర్పాటు మిక్కిలి తోడ్పడెను. నేడచ్చట పదింట తొమ్మిది యిండ్లకు ఆ నీటి వేడియే ఆధారము. కెన్యా సంపన్నదేశము కాదు. అయినను 1981 లో ఓల్కారియాయందు తొలి యంత్రమును నడిపి, 2008 లో బావులు తవ్వుటకే ఒక ప్రభుత్వసంస్థను స్థాపించి, తొలి తవ్వకపు నష్టభయమును రాజ్యమే వహించునట్లు చేసికొన్నది. ఆ దేశపు విద్యుత్తులో 40 శాతమునకు మించి నేడు భూగర్భమునుండి వచ్చుచున్నది.

మన సంగతి యేమి? భారత భూగర్భ సర్వేక్షణసంస్థ దేశమందు మూడువందలకు పైగా వేడినీటి బుగ్గలను గుర్తించినది. 10,600 మెగావాట్లు లభింపవచ్చునను మాట ప్రభుత్వ పత్రములలో చిరకాలముగా వినవచ్చుచున్నది. అది అంచనా, బావులు తవ్వి నిర్ధారించిన కొలత కాదు. లడఖ్‌లోని పూగా లోయయందు ఒక మెగావాటు కేంద్రమునకై ఓఎన్‌జీసీ 2021 ఫిబ్రవరిలో ఒప్పందము చేసికొన్నది. నాలుగువేల మీటర్లకు పైనున్న ఆ చలిసీమలో పని మెల్లగా నడచుచున్నది. తెలుగునేలపై చూతమా, బొగ్గు అన్వేషణకై వేసిన బోర్లలో వేడినీరు పైకుబికిన మణుగూరు ప్రాంతమున, పగిడేరు గ్రామమువద్ద, సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగకేంద్రమును నెలకొల్పినది. ఆ నీరు ఆవిరియగునంత వేడిది కాదు. కనుక తక్కువ వేడికే మరుగు వేరొక ద్రవమును దానితో ఆవిరిగా మార్చి యంత్రమును త్రిప్పుదురు. ఇరువది కిలోవాట్లు కొన్ని యిండ్లకు మాత్రమే చాలును. దానిని చూచి మురియుటయు, వెక్కిరించుటయు రెండును తగవు. బొగ్గుకై తవ్విన రంధ్రము అనుకోకుండ వేడినీటిని చూపినందువలననే అచ్చట తొలి బోరు భారము ఎవరిమీదను పడలేదన్నది గమనింపదగిన విషయము. ప్రతిచోటను అట్టి అదృష్టము కలుగదు.

విద్యుత్తునకు చాలని వేడి వ్యర్థమని భావించుట మరియొక పొరపాటు. ఐస్‌లాండువారు తమ బుగ్గల వేడితో చేపల తలలను ఎండబెట్టి నైజీరియాకు ఎగుమతి చేయుచున్నారు. కెన్యాలో నైవాషా తీరపు పూలతోటలు ఆ వేడితో పెరుగుచున్నవి. మణుగూరునకు చేరువనున్న ఖమ్మము దేశమున పేరుపడిన మిరపవిపణి. కల్లములలో ఆరబోసిన కాయ అకాలవర్షమునకు తడిసి, బూజుపట్టి, ధర పడిపోయి రైతు కుదేలగుట ఏటేట వినుచున్న వార్త. అరువది డిగ్రీల నీటితో వెచ్చజేసిన గాలి మిరపను, పసుపును ఆరబెట్టుటకు సరిపోవును. కొన్ని యిండ్లకు దీపము పెట్టుటకంటె ఈ పని ఆ సీమకు ఎక్కువ మేలు చేయవచ్చును.

సౌరవిద్యుత్తు, బ్యాటరీలు ఏటికేడు చవుకగుచుండగా ఈ సందిగ్ధపు శక్తిపై ప్రజాధనము వెచ్చించుట యేల యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనది. ఉత్పత్తియగు విద్యుత్తునకు ఏండ్ల తరబడి రాయితీలిమ్మని నేను కోరుటలేదు. తెలియని దానిని తెలిసికొను ఖర్చును మాత్రమే రాజ్యము భరింపవలెనని కోరుచున్నాను. ఆ ఖర్చునకు హద్దు పెట్టవచ్చును. ఒక పరిమితసంఖ్యలో అన్వేషణ బావులు తవ్వి, ఫలితము లేనిచో పథకమును గౌరవముగా ముగింపవచ్చును.

దీనికి వలసిన మనుష్యులును మనకున్నారు. ఈ రంగపు పెట్టుబడిలో ఇంచుమించు 80 శాతము చమురు, వాయు పరిశ్రమకు పరిచితమైన నైపుణ్యములనే కోరునని అంతర్జాతీయ ఇంధనసంస్థయే చెప్పుచున్నది. రాజమహేంద్రవరము కేంద్రముగా దశాబ్దములనుండి కృష్ణా-గోదావరి మైదానమున రిగ్గులు నడుపుచున్న పనివారు, ఆ తీరసముద్రమున సుమారు 200 డిగ్రీల వేడిని ఎదుర్కొన్న ఇంజనీర్లు, గోదావరిలోయ పొరలను బోరుబోరునకు ఎరిగిన సింగరేణివారు ఒక్కచోట కూర్చుండిన యెడల విదేశీ సలహాదారుల యవసరము సగము తీరును. కావున కేంద్రమును, రెండు తెలుగు రాష్ట్రములును మూడు పనులు చేయవలెను: తొలి బోరునకు, ఫలించినచో తిరిగి చెల్లించు షరతుపై, నష్టభయనిధిని ఏర్పరచుట, చమురు, బొగ్గు సంస్థల పాత బావులనుండి సేకరింపబడిన ఉష్ణోగ్రతల లెక్కలను పరిశోధకులకు బహిరంగపరచుట, మణుగూరు నీటితో మిర్చి ఆరబెట్టు కేంద్రమునొకదానిని ప్రయోగముగా నడిపి దాని జమాఖర్చులను ప్రజల యెదుట నుంచుట. వచ్చు బడ్జెట్టులో ఈ నిధికి ఒక పద్దు కనబడనిచో, జాతీయ విధానము కాగితముపై కడుసుందరముగా నుండియు ఒక్క బావినైనను తవ్వింపజాలదని నిశ్చయముగా చెప్పవచ్చును.