ఆల్ట్, టాబ్ మీటలు

ఉపాధ్యాయుని యడుగుల చప్పుడు వినినతోడనే కంప్యూటరు తెరపై ఆట మఱుగుపడి పాఠము ప్రత్యక్షమగుట మే మెఱుగనిది కాదు. అందుచే ఆల్ట్, టాబ్ మీటల వాడుకను విద్యార్థులకు నేర్పరాదని సహోపాధ్యాయులు కొందఱు వాదించుచున్నారు. (నేర్పకున్న వారు నేర్వరా?) మే మందుల కొప్పుకొనజాలము. విండోస్ యంత్రమున ఆల్ట్ మీటను నొక్కిపట్టి టాబ్‌ను నొక్కిన కొలది, తెఱచియున్న విండోలలో నొకదాని తరువాత నొకటి యెన్నికకు వచ్చును; షిఫ్టును చేర్చిన వెనుకకు మరలును; ఆల్ట్‌ను విడిచినంతనే కోరినది ముందు నిలుచును. మౌసు బాణమును చూడలేని అంధవిద్యార్థికి దారి యిదియే. ఎన్.వి.డి.ఎ. యను ఉచిత సాధనము ప్రతి విండో పేరును వానికి చదివి వినిపించును. ఆటలాడు నలుగురిని శిక్షింపుడు, కాదనము. వారికొఱ కితని దారిని మూయుట యెట్టి న్యాయము? వచ్చు సంవత్సరము మౌసును ముట్టకమునుపే యీ మీటలను అందఱకును నేర్పవలెనని కోరుచున్నాము.