జీవితకాలపు హామీ: ఎవరి జీవితము?

కారు అద్దములకు ఎండ తగులకుండ సన్నని పొర అంటించు వృత్తి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వేలూరు ఎండ యెట్టిదో అణైకట్, గుడియాత్తము వారికి ఒకరు చెప్పనక్కఱలేదు. కత్తెర యెండలలో గడియసేపు బయట నిలిపిన కారు తలుపు తెఱచినవాడు కూలింగు ఫిల్ము కావలెననుకొనుట తప్పు గాదు. ఆ వస్తువుతో మాకు తగవు లేదు. దానితో కూడ అమ్మబడుచున్న ఒక మాటతోడనే మా తగవు. ఆ మాట ‘లైఫ్‌టైమ్ వారంటీ’, అనగా జీవితకాలపు హామీ. ధర విని కొనువాడు తటపటాయించు సమయమున ఈ మాటను ముందుంచుట ఈ వర్తకమున దేశమంతట వాడుక అయినది. అర్థము చెప్పని ఈ హామీని మన కుటుంబములవారు కొనరాదనియు, మనలో వర్తకులైనవారు అమ్మరాదనియు మేము స్పష్టముగ చెప్పదలచితిమి.

మొదటి ప్రశ్న ఇది: ఎవరి జీవితము? కొన్నవాని జీవితమా, కారు జీవితమా, ఫిల్ము జీవితమా, అమ్మిన దుకాణపు జీవితమా? ఫిల్ము జీవితమే యైనచో ఆ హామీ పరిహాసమాత్రము. చెడువఱకు చెడదని చెప్పుటకు హామీ యెందులకు? కారు జీవితమైనచో, సొంత కారునకు మొదటి నమోదు 15 ఏండ్లు చెల్లును. పిదప తనిఖీ చేసి 5 ఏండ్ల చొప్పున పొడిగింతురు. అట్లయిన 15 ఏండ్లని వ్రాయుటకు అడ్డమేమి? కొన్నవాని జీవితమైనచో, కారును అమ్మిన దినముననే ఆ జీవితము ముగియునని అనేకము కార్డుల వెనుక సన్నని అక్షరములలో ఉండును. గీతలు పడినచో హామీ లేదు. ఘాటు మందులతో తుడిచినచో లేదు. అంటించిన రెండు మూడు దినములలో అద్దము దించినచో లేదు. బిల్లు పోయినచో లేదు. క్రొత్త ఫిల్ము ఉచితమే గాని, పాతది ఒలిచి క్రొత్తది అంటించు కూలి కొన్నవానిదే. పెద్ద అక్షరములతో ఇచ్చినదానిని చిన్న అక్షరములతో తిరిగి తీసికొనుట ఏ ధర్మము?

రెండవ ప్రశ్న వస్తువును గూర్చినది. ఈ ఫిల్ము పాలియెస్టరు పొర. దానికి ఒకవైపు జిగురు, మఱియొకవైపు గీతలు పడకుండ గట్టి పూత ఉండును. ఎండను ఆపుటకు కొన్నింటిలో రంగు, కొన్నింటిలో లోహపు పూత, కొన్నింటిలో సెరామిక్ రేణువులు చేర్చుదురు. చవుకవానిలో ఉండునది రంగు మాత్రమే. గుడియాత్తపు లుంగీలను నేసిన కుటుంబములవారికి మేము రంగును గూర్చి పాఠము చెప్పనక్కఱలేదు. నూలుకు వేసిన రంగు నిలుచునా వెలియునా అనునది వేసిన రంగును బట్టియు, వేసిన విధమును బట్టియు ఉండును గాని, అంగడిలో పలికిన మాటను బట్టి ఉండదు. ఫిల్ములోని రంగును కూడ సూర్యకిరణములు విఱుచును. నల్లనిది నానాటికి ఊదారంగునకు తిరుగును. వేడికి జిగురు సడలి పొర పొక్కులెత్తును, అంచులు లేచును. లోహపు పూత, సెరామిక్ గలవి హెచ్చు కాలము నిలుచునన్న మాట నిజమే. కాని ఏదియు శాశ్వతము కాదు. నేతవాడు తన లుంగీని చూపి ‘నీ జీవితకాలము రంగు పోదు’ అనినచో మనము నవ్వుదుము. కారు దుకాణమున అదే మాట విని డబ్బు లెక్కపెట్టుదుము!

మూడవ ప్రశ్న చట్టమును గూర్చినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 100వ నిబంధన ప్రకారము ముందు, వెనుక అద్దముల గుండ నూటికి 70 పాళ్ళకు తక్కువ కాకుండ, ప్రక్క అద్దముల గుండ 50 పాళ్ళకు తక్కువ కాకుండ వెలుతురు సాగవలెను. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పుచు, అద్దము తయారగునపుడే ఈ పాళ్ళు ఉండవలెను గాని దానిపై ఎంత పలుచని నల్ల ఫిల్మునైనను అంటించరాదనినది. ఆ ఆజ్ఞ 2012 మే 4 నుండి అమలునకు వచ్చినది. అంతకు ముందు జీవితకాలపు హామీతో అంటించిన ఫిల్ములన్నింటి జీవితము ఆ దినముతో ముగిసినది. హామీ రంగు వెలిసినందులకు గాని, చట్టము మాఱినందులకు కాదు. కొన్నవాని డబ్బు పోయినది, ఒలిపించుకొను కూలియు అతనిపైననే పడినది.

పిదప నిబంధన సవరింపబడి, 2021 ఏప్రిల్ 1 నుండి నిర్ణీత ప్రమాణములకు లోబడిన ‘సేఫ్టీ గ్లేజింగు’నకు కూడ తావు కలిగినది. దానిని బట్టి, ఆ 70, 50 పాళ్ళకు లోబడిన ఫిల్ము అంటించినవారిని శిక్షింపరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. వర్తకులు ఈ తీర్పును ఉత్సాహముతో చాటుదురు. కాని అందలి షరతును అంత ఉత్సాహముతో చెప్పరు. పాళ్ళు ఫిల్మునకు మాత్రమే కాక, అద్దమును ఫిల్మును కలిపి లెక్కింపవలెను. ప్రక్క అద్దమే నూటికి 70 పాళ్ళు వెలుతురు విడుచునదై, దానిపై మఱి 70 పాళ్ళ ఫిల్ము అంటించినచో, రెండును కలిసి విడుచునది 49 పాళ్ళే. చట్టము కోరినది 50. కార్డుపై 70 అని చదివి నిశ్చింతగ నున్న మనిషి పళ్ళికొండ దగ్గఱ తనిఖీకి చిక్కినచో జరిమానా ఎవరు కట్టుదురు? జీవితకాలపు హామీలో దీనికి చోటు లేదు.

‘అందఱును ఇచ్చుచున్నారు, మేమొక్కరము ఇయ్యకున్న గిరాకి ప్రక్క అంగడికి పోవును’ అని వర్తకులు అందురు. ఈ వర్తకులలో మనవారును కలరు గనుక ఈ మాటను మేము త్రోసిపుచ్చక, సమాధానము చెప్పుచున్నాము. ఐదేండ్లు నిలుచు సరకునకు ఐదేండ్లని వ్రాసి, ఐదేండ్లలో చెడినచో కూలితో సహా మార్చి ఇచ్చు వర్తకుడు మొదటి ఏడు కొంత గిరాకి పోగొట్టుకొనవచ్చును. ఆఱవ ఏట అతని అంగడికి కొన్నవాని తమ్ముడును, అల్లుడును వత్తురు. జీవితకాలమని పలికినవాని యొద్దకు కొన్నవాడు తగవునకు తప్ప తిరిగి రాడు. పైగా హామీ తయారీదారుది, అంటించినది దుకాణదారు. పొక్కులెత్తిన దినమున ‘సరకు లోపము’ అని దుకాణము, ‘అంటించుటలో లోపము’ అని కంపెనీ ఒకరినొకరు చూపుదురు. నడుమ నిలుచువాడు కొన్నవాడు.

చట్టము కొన్నవాని పక్షమున లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము, తగిన పరీక్ష చేయక వస్తువు ఎంతకాలము నిలుచునో హామీ ఇచ్చుటను అనుచిత వ్యాపార పద్ధతిగ పేర్కొన్నది. నెరవేర్చు సంభావ్యత లేని హామీయు అట్టిదే. బిల్లు ఇయ్యకపోవుటయు అట్టిదే. ఫిర్యాదును కొన్న ఊరిలోనే కాక, తాను నివసించు జిల్లాలోనే వేయవచ్చును. కనుక చెన్నపట్టణమున గాని బెంగుళూరున గాని అంటించుకొన్న అణైకట్ వాసి వేలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే పోవచ్చును. 5 లక్షల రూపాయలలోపు విలువకు రుసుము లేదు; వకీలును పెట్టుకొని తీరవలెనని లేదు. నష్టము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల పోవలెను. ముందుగ 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటనకర్తలకు ఇచ్చిన సూత్రములలో, జీవితకాలపు హామీ అనువారు ఆ జీవితము దేనిదో స్పష్టముగ తెలుపవలెనని ఏనాడో చెప్పినది. అక్కడ అడుగదగిన ప్రశ్న ఇక్కడ అడుగరానిదా?

మఱియొక సంగతి మన సంఘమునకు ప్రత్యేకముగ చెందినది. ఈ కార్డులు సామాన్యముగ ఇంగ్లీషులో ఉండును. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన పెద్దలు ఎన్నడును చదువని భాషలో తమ హక్కులను వదలుకొని సంతకము చేయుచున్నారు. నోటితో చెప్పునది తెలుగులోనో తమిళములోనో తియ్యగ ఉండును. కాగితముపై కట్టివేయునది ఇంగ్లీషులో ఉండును. తగవు వచ్చిన దినమున చెల్లునది కాగితమే. భాషాల్పసంఖ్యాకుల హక్కులనగా బడియు, పాఠ్యపుస్తకమును మాత్రమే అని తలచువారికి మేము చెప్పునది ఇది: అర్థము కాని కాగితముపై సంతకము చేయవలసి వచ్చుటయు భాషా సమస్యయే.

కావున మా కోరికలు ఇవి. జీవితకాలమను మాటకు బదులు ఇన్ని ఏండ్లని అంకెలలో వ్రాయవలెను. కూలి ఎవరిదో, కారు అమ్మినచో హామీ చెల్లునో చెల్లదో, ఫిల్ము అంటించిన పిదప అద్దము విడుచు వెలుతురు ఎన్ని పాళ్ళో బిల్లుపైననే ఉండవలెను. మన వర్తకులు ఆ నాలుగు మాటలను తెలుగులోను తమిళములోను ముద్రించి ముందు నడువవలెను. అట్టి మచ్చు పత్రమొకటి తయారుచేయుటకు మన సంఘము పూనుకొనవలెను. ఇక కొనువారికి మా విజ్ఞప్తి ఒక్కటే. ‘లైఫ్‌టైమ్’ అని వినిన తోడనే ‘ఎవరిది? ఎన్ని ఏండ్లు? వ్రాసి ఇత్తురా?’ అని అడుగుడు. వ్రాసి ఇచ్చువాని యొద్ద కొనుడు. వ్రాయుటకు వెనుకాడువాని ఫిల్ము ఎంత చల్లనిదైనను వలదు.